శిథిల తీర కట్టడాల దీర్ఘ ఎక్స్‌పోజరు ఛాయాచిత్రకళ

కెమేరా షట్టరును కొన్ని సెకండ్ల నుండి కొన్ని నిమిషాల వరకు, ఒక్కొక్కప్పుడు గంటల తరబడి తెరచి ఉంచి ఫోటో తీసే పద్ధతిని దీర్ఘ ఎక్స్‌పోజరు ఛాయాచిత్రకళ అంటారు. ఈ పద్ధతిలో కదలకుండా ఉన్న వస్తువులు స్పష్టంగాను, కదిలే వస్తువులు చెదిరిపోయి లేదా పూర్తిగా మాయమై కనిపిస్తాయి. సముద్రం, నది, సరస్సు ఒడ్డున పాడుబడిన జెట్టీలు, సముద్రంలోనికి కట్టిన వంతెనలు, రేవు స్తంభాలు, వాడుక తప్పిన రైలు వంతెనల దిమ్మెలు ఈ పద్ధతికి ఎంతో అనువైన విషయాలుగా పేరుపొందాయి. కదలని కట్టడం, ఎన్నడూ నిలవని నీరు ఒకే చట్రంలో ఉండటమే ఇందుకు ముఖ్య కారణం.

ఇటువంటి చిత్రాలలో సముద్రం పాలమీగడ వలెనో, పొగమంచు వలెనో కనిపిస్తుంది. ఇది కంప్యూటరుతో చేసిన మార్పు అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది కెమేరాలోనే జరుగుతుంది. ఫిల్ము కెమేరాల కాలం నుండీ ఉన్నదే.

నీరు పొగమంచుగా మారే విధానం

షట్టరు తెరచి ఉన్నంతసేపూ సెన్సరు మీదనో, ఫిల్ము మీదనో పడే వెలుగు కూడుతూ పోతుంది. అందువలన చిత్రంలోని ప్రతి బిందువూ ఆ వ్యవధి మొత్తంలో అక్కడ కనిపించినవాటి సగటు అవుతుంది. ఉదాహరణకు రెండు నిమిషాల ఎక్స్‌పోజరులో ఒక మనిషి ఒక చోట రెండు సెకండ్లు మాత్రమే నిలబడి వెళ్ళిపోయినాడనుకుంటే, ఆ చోటికి చేరిన వెలుగులో అతని వంతు అరవయ్యవ భాగం. మిగిలిన యాభై తొమ్మిది వంతులు వెనుకనున్న దృశ్యానివే. కనుక ఆ మనిషి చిత్రంలో కనిపించడు. అతడే రెండు నిమిషాలూ కదలకుండా కూర్చొని గాలం వేస్తూ ఉంటే కనిపిస్తాడు.

అలల విషయంలోనూ జరిగేది ఇదే. ఎనిమిది సెకండ్లకు ఒక అల చొప్పున వస్తున్నదనుకుంటే రెండు నిమిషాలలో పదిహేను అలలు వచ్చి పోతాయి. ఒకసారి తెల్లని నురుగు ఉన్నచోట మరొకసారి ముదురు రంగు నీరు ఉంటుంది. ఈ రెండూ కలిసి లేత బూడిద రంగు పొరగా తేలుతాయి. అలలు ఎక్కువగా విరిగే చోట నురుగు వంతు పెరుగుతుంది కనుక ఆ పొర తెల్లబడుతుంది. లోతు నీటిలో ముదురుగానే ఉంటుంది. దీర్ఘ ఎక్స్‌పోజరు చిత్రంలో తెలుపు ఎక్కడ చిక్కగా ఉన్నదో చూసి, నీటి అడుగున ఇసుకమేట గానీ, రాయి గానీ, విరిగిపడిన స్తంభపు మొదలు గానీ ఎక్కడ ఉండవచ్చునో కొంతవరకు ఊహించవచ్చును.

నీటిలో నిలిచిన స్తంభం మొదలు వద్ద ఇంకొక విశేషం కనబడుతుంది. స్తంభపు అడుగుభాగం దాదాపు ఎల్లప్పుడూ నీటిలో మునిగి ఉంటుంది. దానికి కొంచెం పైభాగం అల వచ్చినప్పుడు మునిగి, అల పోగానే బయటపడుతుంది. ఇంకా పైభాగానికి పెద్ద అలలు మాత్రమే అందుతాయి. అందువలన స్తంభం ఒకచోట గీత గీసినట్లు నీటిలో దిగిపోదు. పైనుండి క్రిందికి క్రమంగా పలుచబడి పొగలో కరిగిపోయినట్లు కనిపిస్తుంది. ఏ ఎత్తు వద్ద స్తంభం ఎంత పలుచగా ఉన్నదో, ఆ ఎత్తు దాకా నీరు ఎంతసేపు వచ్చిందో అది తెలుపుతుంది. చూడటానికి స్వప్నదృశ్యంలా ఉండే ఈ భాగం ఒక విధంగా ఆ కొద్ది నిమిషాల నీటిమట్టానికి గీసిన పటం వంటిది.

వ్యవధిని బట్టి నీటి రూపం మారుతుంది. సెకండులో నాలుగవ వంతు మొదలు రెండు సెకండ్ల వరకు ఉంచితే, వెనుదిరిగే అల ఇసుక మీద గీసిన చారలు, స్తంభాల చుట్టూ తిరిగే నురుగు తీగలు నిలుస్తాయి. పది నుండి ముప్ఫై సెకండ్లకు చారలు కలిసిపోతాయి గాని నీటికి కొంత అలజడి మిగులుతుంది. ఒక నిమిషం దాటితే నీరు నునుపైన పలక వలె మారుతుంది. అంతకుమించి ఎంతసేపు ఉంచినా నీటిలో పెద్ద తేడా రాదు; మబ్బులలో మాత్రం వస్తుంది. మబ్బులు పొడవైన చారలుగా సాగుతాయి. గాలి కెమేరా వైపు వీస్తున్నప్పుడు ఆ చారలు దిగంతంలోని ఒక బిందువు నుండి విసనకర్ర వలె విచ్చుకుంటాయి. అడ్డంగా వీస్తే దిగంతానికి సమాంతరంగా సాగుతాయి.

చరిత్ర

మొదట్లో ఛాయాచిత్రాలన్నీ దీర్ఘ ఎక్స్‌పోజరు చిత్రాలే. అది కళ కోసం కాదు, వేరే మార్గం లేక. ఫ్రాన్సు దేశస్థుడైన నిసెఫోర్ నియెప్స్ 1826-27 ప్రాంతంలో లె గ్రా లోని తన ఇంటి కిటికీ నుండి తీసిన చిత్రానికి కొన్ని గంటలు, బహుశా కొన్ని రోజులు పట్టి ఉంటుందని పరిశోధకులు భావిస్తున్నారు. అందులో భవనాలకు రెండు వైపులా ఎండ పడినట్లుండటం ఇందుకు ఒక ఆధారం. లూయీ డాగెర్ 1838లో ప్యారిస్ నగరంలో తీసిన బులెవార్ దు టెంపుల్ వీధి చిత్రంలో రద్దీగా ఉండవలసిన వీధి నిర్మానుష్యంగా కనిపిస్తుంది. బండ్లు, బాటసారులు కదులుతూ ఉండటం వలన చిత్రంలో నిలువలేదు. బూట్లు శుభ్రం చేయించుకుంటూ ఒకచోట నిలబడిన మనిషి మాత్రం మిగిలినాడు.

సముద్రాన్ని చిత్రించడం అప్పటివారికి పెద్ద చిక్కుగా ఉండేది. గుస్తావ్ లె గ్రే 1856-57 సంవత్సరాలలో అలలను స్పష్టంగా నిలిపిన సముద్ర దృశ్యాలు తీసి సంచలనం కలిగించినాడు. సముద్రానికి ఒకటి, ఆకాశానికి ఒకటి చొప్పున రెండు నెగెటివులు తీసి, కొన్ని చిత్రాలను వాటి కలయికతో ముద్రించినాడు. ఆనాడు అల ఆగిపోయి కనిపించడం అద్భుతం. ఈనాడు అల కరిగిపోయి కనిపించడానికి ఫోటోగ్రాఫర్లు ప్రత్యేకంగా ఫిల్టర్లు కొంటున్నారు. దక్షిణ భారతదేశంలో ఇదే కాలంలో లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఛాయాచిత్రకారునిగా 1857-58లో దేవాలయాలను, కోటలను చిత్రించినాడు. ఆయన వాడిన మైనపు కాగితపు నెగెటివులు వెలుగుకు మందకొడిగా స్పందించేవి. ఆకాశం వట్టి తెల్లగా వచ్చినప్పుడు నెగెటివు మీదనే రంగు పూసి మబ్బులు చేర్చేవాడు.

ఫిల్ముల వేగం పెరిగిన తరువాత దీర్ఘ ఎక్స్‌పోజరు అవసరం తగ్గి, అది ఒక ఎంపికగా మారింది. ఇంగ్లండులోని విడ్నెస్ పట్టణంలో 1953లో జన్మించిన మైకేల్ కెన్నా ఈ శైలిని ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు. చతురస్రాకారపు నలుపు-తెలుపు చిత్రాలు, రాత్రివేళ గంటల తరబడి ఎక్స్‌పోజరు, నీటిలో ఒంటరిగా నిలిచిన కొయ్య గుంజలు ఆయన గుర్తులు. రాట్‌క్లిఫ్ విద్యుత్ కేంద్రం మీద ఆయన తీసిన చిత్రాల వరుస కూడా ప్రసిద్ధమైనది. ఆ కేంద్రం 2024 సెప్టెంబరు 30న మూతపడింది. నేడు ఇంటర్నెట్టులో కనిపించే తీర కట్టడాల చిత్రాలలో చాలావాటికి కెన్నా శైలే మాతృక అని చెప్పవచ్చును. జపానుకు చెందిన హిరోషి సుగిమోటో 1978 నుండి సినిమాహాళ్ళలో ఒక సినిమా నడిచినంతసేపూ షట్టరు తెరచి ఉంచి, వెండితెర ఖాళీ తెల్లని పలకగా మిగిలే చిత్రాలు తీసినాడు. జర్మనీకి చెందిన మైకేల్ వెస్లీ, న్యూయార్కు ఆధునిక కళా సంగ్రహాలయ పునర్నిర్మాణాన్ని 2001-2004 మధ్య దాదాపు మూడేళ్ళ ఎక్స్‌పోజరుతో చిత్రించినాడు. ఇవి తీర చిత్రాలు కాకపోయినా, కాలాన్ని కుప్పగా పోయడం అనే ఆలోచన వీటన్నింటిలో ఒకటే.

తీర కట్టడాలు శిథిలమయ్యే తీరు

ఈ చిత్రాలను సరిగా చదవాలంటే, ఆ కట్టడాలు అలా ఎందుకు అయినాయో కొంత తెలియాలి. నీటిలో పూర్తిగా మునిగి ఉన్న ఇనుము కంటే, అలల తుంపర పడుతూ ఆరుతూ ఉండే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అక్కడ ఉప్పునీరు, గాలిలోని ఆక్సిజను రెండూ సమృద్ధిగా అందుతాయి. అందువలన సముద్రపు వంతెనల స్తంభాలు పోటు నీటిమట్టానికి కాస్త పైన సన్నబడి, నడుము చిక్కినట్లు కనిపిస్తాయి. చాలా స్తంభాలు విరిగేది కూడా ఇక్కడే. పోత ఇనుములో ఇంకొక మోసం ఉన్నది. ఇనుము కరిగిపోయినా అందులోని గ్రాఫైటు పాత ఆకారంలోనే నిలిచి ఉంటుంది. పైకి చెక్కుచెదరనట్లున్న స్తంభం లోపల కత్తితో గీకితే రాలిపోయేంత మెత్తబడి ఉండవచ్చును.

కాంక్రీటు కట్టడాలలో సముద్రపు ఉప్పు నెమ్మదిగా లోనికి ఇంకి ఇనుప చువ్వలను చేరుతుంది. తుప్పు, అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులు ఊడి, లోపలి చువ్వలు పక్కటెముకల వలె బయటపడతాయి.

కొయ్యకు శత్రువులు వేరు. టెరిడో అనే జీవి చూడటానికి పురుగు వలె ఉన్నా ఆల్చిప్పల కుటుంబానికి చెందినది; దీనిని ఓడపురుగు అని కూడా అంటారు. ఇది చిన్న రంధ్రం చేసుకొని కొయ్యలోనికి దూరి లోపలంతా సొరంగాలు తొలుస్తుంది. బయట నుండి చూస్తే గుంజ బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. 1919-21 మధ్య శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో ఈ జీవి విజృంభించి ఎన్నో రేవు కట్టడాలను కూల్చివేసింది. దీనికి భిన్నంగా లిమ్నోరియా అనే చిన్న జీవి కొయ్యను బయట నుండి కొరుకుతుంది. అందువలన ఆటుపోట్ల మధ్య భాగం అరిగి, గుంజ ఇసుకగడియారం ఆకారానికి వస్తుంది. ఛాయాచిత్రకారులు మక్కువగా చూపించే ఆకారాలలో ఇది ఒకటి.

బ్రైటన్ వెస్ట్ పియర్

ఈ కళలో విరివిగా చిత్రించబడిన శిథిలాలలో ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రైటన్ నగరపు వెస్ట్ పియర్ ప్రసిద్ధమైనది. యుజీనియస్ బర్చ్ అనే ఇంజనీరు రూపొందించిన ఈ వంతెన 1866 అక్టోబరులో ప్రారంభమయింది. దీని పొడవు సుమారు 340 మీటర్లు. ఓడలు ఆగడం కంటే జనం షికారుగా నడవడమే దీని ఉద్దేశ్యం. మర చుట్లు గల ఇనుప స్తంభాలను సముద్రపు నేలలోనికి తిప్పుతూ దించి దీనిని నిలిపినారు. ఇటువంటి మరస్తంభాలకు 1833లో పేటెంటు పొందినవాడు అలెగ్జాండర్ మిచెల్ అనే అంధుడైన ఐరిష్ ఇంజనీరు. 1916లో దీనిపై సంగీత మందిరం కట్టినారు. కాలక్రమేణా ఆదాయం తగ్గి, మరమ్మత్తులు భారమై, 1975లో వంతెన పూర్తిగా మూతపడింది. 1982లో దీనికి చారిత్రక కట్టడాలకు ఇచ్చే మొదటి శ్రేణి గుర్తింపు దక్కింది. అయినా పునరుద్ధరణ సాగలేదు. 2002 డిసెంబరు చివర తుఫానులో కొంత భాగం కూలింది. 2003 మార్చి 28న ఒకసారి, మే 11న మరొకసారి మంటలు చెలరేగి మందిరాలు కాలిపోయినాయి. 2004లో ఇది బాగుచేయడానికి వీలుకానిదని తేల్చినారు. 2014 ఫిబ్రవరి తుఫానులో మిగిలిన అస్థిపంజరం రెండుగా చీలింది.

వెస్ట్ పియర్ చిత్రాలలో ఒడ్డున వరుసలు తీరిన కొన్ని స్తంభాలు, దూరంగా నీటి మధ్య పక్షి పంజరం వంటి ఇనుప చట్రం కనిపిస్తాయి. రెండింటి మధ్య ఉండవలసిన నడకదారి లేదు. దీర్ఘ ఎక్స్‌పోజరు వలన నీరు చదునై, ఆ ఖాళీ మరింత స్ఫుటంగా తెలుస్తుంది. శీతాకాలపు సాయంత్రాలలో గోరింకల జాతికి చెందిన స్టార్లింగు పక్షులు వేల సంఖ్యలో ఈ ప్రాంతంపై గుంపుగా తిరుగుతాయి. కంటికి అది గొప్ప దృశ్యమే గాని, రెండు నిమిషాల ఎక్స్‌పోజరులో ఆ పక్షులు ఒక్కటి కూడా మిగలదు. పక్షులు కావాలనుకున్నవారు తక్కువ వ్యవధిని, నీటి నునుపు కావాలనుకున్నవారు ఎక్కువ వ్యవధిని ఎంచుకోవలసి ఉంటుంది. ఒకే ఎక్స్‌పోజరులో రెండూ కుదరవు.

కట్టడం ఏటేటా తరుగుతూ ఉండటం వలన, వేర్వేరు సంవత్సరాల చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏ కమాను ఎప్పుడు పోయిందో లెక్కించవచ్చును. తీసినవారి ఉద్దేశ్యం ఏదైనా, ఇవి కట్టడపు మరణానికి సాక్ష్యాలుగా మిగిలినాయి. దీనికి తూర్పున 1899లో ప్రారంభమైన ప్యాలెస్ పియర్ మాత్రం జనసందోహంతో నడుస్తూనే ఉన్నది. చిత్రమేమిటంటే, దీర్ఘ ఎక్స్‌పోజరు ప్రియులు ఎక్కువగా చేరేది శిథిలం దగ్గరికే.

ఎక్స్‌పోజరు లెక్క, ఫిల్టర్లు

పగటి వెలుగులో షట్టరును నిమిషాల తరబడి తెరిస్తే చిత్రం పూర్తిగా తెల్లబడుతుంది. అందువలన కటకం ముందు ముదురు గాజు ఫిల్టరును అమర్చుతారు. రంగులను మార్చకుండా వెలుగును మాత్రమే తగ్గించే ఈ ఫిల్టర్లను న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్లు లేదా ఎన్.డి. ఫిల్టర్లు అంటారు. వెలుగు సగానికి తగ్గడాన్ని ఒక స్టాపు అని లెక్కిస్తారు. ఆరు స్టాపుల ఫిల్టరు వెలుగును 64వ వంతుకు, పది స్టాపులది 1024వ వంతుకు తగ్గిస్తుంది. ఫిల్టరు లేకుండా సెకండులో 30వ వంతు సరిపోయే చోట పది స్టాపుల ఫిల్టరు పెడితే సుమారు 34 సెకండ్లు కావాలి. అదే 125వ వంతు సరిపోయే చోట సుమారు 8 సెకండ్లు చాలును.

పది స్టాపుల ఫిల్టరు గుండా చూస్తే కంటికి దాదాపు ఏమీ కనిపించదు. కనుక చట్రాన్ని కూర్చుకొని, ఫోకసు చేసి, దానిని మార్పు లేకుండా బిగించిన తరువాతనే ఫిల్టరు పెట్టాలి. చాలా కెమేరాలు తమంతట తాముగా ముప్ఫై సెకండ్లకు మించి షట్టరును తెరచి ఉంచవు. అంతకు మించితే బల్బు అనే అమరికను వాడాలి. ఈ పేరుకు విద్యుద్దీపంతో సంబంధం లేదు. పూర్వం రబ్బరు బుడ్డిని నొక్కినంతసేపూ గాలి ఒత్తిడితో షట్టరు తెరచి ఉండేది. ఆ బుడ్డి పేరే ఇప్పటికీ నిలిచిపోయింది.

అపెర్చరును బాగా మూసి కూడా వ్యవధిని పెంచవచ్చును గాని, మరీ సన్నని రంధ్రం గుండా వెళ్ళే వెలుగు వివర్తనం వలన చెదిరి చిత్రం మొత్తం మెత్తబడుతుంది. తుప్పు పొరలు, కొయ్య పీచులు స్పష్టంగా రావలసిన ఇటువంటి చిత్రాలకు ఇది పెద్ద లోపం.

ఫిల్ము వాడేవారికి మరొక చిక్కు ఉన్నది. వెలుగు సగమైతే వ్యవధి రెట్టింపు చేయాలన్న లెక్క, సుమారు ఒక సెకండు దాటిన తరువాత ఫిల్ముపై సరిగా పనిచేయదు. అతి మంద వెలుగులో ఫిల్ము తన సున్నితత్వాన్ని కోల్పోతుంది. జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ నక్షత్రాల చిత్రాలను కొలుస్తూ 1900 ప్రాంతంలో దీనికి ఒక సూత్రం చెప్పినాడు. నేడు వాడుకలో ఉన్న పద్ధతిలో, లెక్కకు వచ్చిన సెకండ్లను ఫిల్మును బట్టి ఉండే ఒక ఘాతానికి హెచ్చిస్తారు. ఆ ఘాతం 1.3 అనుకుంటే, మీటరు 10 సెకండ్లు చూపిన చోట 20 సెకండ్లు, 60 సెకండ్లు చూపిన చోట దాదాపు 205 సెకండ్లు ఇవ్వాలి. డిజిటల్ సెన్సరుకు ఈ బాధ లేదు. దానికి వేడి శత్రువు. షట్టరు ఎక్కువసేపు తెరచి ఉంటే సెన్సరులో వెలుగుతో నిమిత్తం లేని చుక్కలు పుడతాయి. వీటిని తొలగించడానికి కెమేరా షట్టరు మూసి, అంతే వ్యవధి గల చీకటి చిత్రాన్ని మరొకటి తీసి, మొదటి దానిలో నుండి తీసివేస్తుంది. నాలుగు నిమిషాల చిత్రానికి మరో నాలుగు నిమిషాలు వేచి ఉండాలి. వేసవి రాత్రులలో మన తీరాన ఈ చుక్కలు చలిదేశాలలో కంటే ఎక్కువగా వస్తాయి.

ఇటీవలి మొబైల్ ఫోనులు అనేక చిన్న ఎక్స్‌పోజరులను కలిపి సగటు చేసి ఇదే ఫలితాన్ని ఇస్తున్నాయి. ఐఫోనులలో ఈ సౌకర్యం 2017లో వచ్చింది. నీటి విషయంలో గణితపరంగా రెండింటికీ పెద్ద భేదం లేదు. దూరంగా కదిలే పడవ దీపం వంటివి మాత్రం, చిన్న ఎక్స్‌పోజరుల మధ్య విరామాలుంటే, గీతగా కాక చుక్కలుగా రావచ్చును.

ట్రైపాడ్ అనబడే ముక్కాలి స్టాండు తప్పనిసరి. తడి ఇసుకలో నిలిపిన ట్రైపాడ్ ప్రతి అలకూ కొద్దికొద్దిగా కూరుకుపోతుంది. కాళ్ళను ముందుగానే లోతుగా గుచ్చడం, వాటి క్రింద వెడల్పాటి పలకలు పెట్టడం మంచిది. కొయ్య జెట్టీ మీద నిలబడి తీసేటప్పుడు పక్కన ఎవరైనా నడిచినా పలకలు ఊగి చిత్రం పాడవుతుంది.

ఆటుపోట్లు, వెలుగు

ఒకే కట్టడం పోటు సమయంలో ఒక విధంగాను, ఆటు సమయంలో వేరొక విధంగాను ఉంటుంది. పోటులో గుంజల మొదళ్ళు, చెత్త, బురద మునిగిపోయి కట్టడం నీటిపై తేలుతున్నట్లు కనిపిస్తుంది. ఆటులో పాచి, గుల్లలు పట్టిన అడుగుభాగం బయటపడుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజులలో ఈ తేడా ఎక్కువ. అష్టమి ప్రాంతంలో తక్కువ. బ్రైటన్ వద్ద పెద్ద పోటు, ఆటుల మధ్య తేడా ఆరు మీటర్ల వరకు ఉంటుంది. విశాఖపట్నం వద్ద అది సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే. కనుక విదేశీ పుస్తకాలలో ఆటుపోట్ల గురించి చెప్పే సలహాలు కోస్తాంధ్రలో యథాతథంగా వర్తించవు. ఇక్కడ నీటిమట్టం కంటే అలల ఎత్తు, ఋతువు ముఖ్యం.

సంధ్య వెలుగు విషయంలోనూ అంతే. ఉత్తర ఐరోపాలో సూర్యాస్తమయం తరువాత పనికివచ్చే వెలుగు చాలాసేపు నిలుస్తుంది. విశాఖపట్నం అక్షాంశం వద్ద పౌరసంధ్య పాతిక నిమిషాలలోపే ముగుస్తుంది. నాలుగైదు నిమిషాల ఎక్స్‌పోజరులు నాలుగు తీసేసరికి చీకటి పడుతుంది. పైగా తూర్పు తీరంలో సూర్యుడు సముద్రం మీదుగా ఉదయిస్తాడే గాని అస్తమించడు. తెల్లవారుజామున ఎక్స్‌పోజరు జరుగుతుండగానే వెలుగు పెరుగుతూ ఉంటుంది కనుక లెక్కకు వచ్చిన వ్యవధిని కొంత తగ్గించుకోవాలి. పడమటి తీరంలో సూర్యాస్తమయం తరువాత తీసేవారు దీనికి విరుద్ధంగా వ్యవధిని పెంచుకోవాలి.

భారతదేశంలో

పుదుచ్చేరి తీరంలో 1952 తుఫానుకు కూలిన పాత సముద్రపు వంతెన స్తంభాలు, కేరళలోని కోళికోడ్, అలప్పుళ, తలశ్శేరి వంతెనలు ఈ తరహా చిత్రాలకు పేరుపొందినవి. అలప్పుళ వంతెన 1862 నాటిది. తిరువనంతపురం సమీపంలోని వలియతుర వద్ద పాత ఇనుప వంతెన 1947లో ఓడ ఢీకొని ధ్వంసం కాగా, 1956లో కాంక్రీటుతో కొత్తది నిర్మించినారు. అది కూడా 2021 మే నెలలో సముద్రపు ఉధృతికి దెబ్బతిన్నది. 1914లో ప్రారంభమైన పాంబన్ రైలు వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్ళు నిలిచిపోయినాయి; పక్కన కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్‌లో ప్రారంభమయింది.

తెలుగు తీరంలో ఇటువంటి సముద్రపు వంతెనలు అరుదు. కాకినాడ వంటి రేవులలో ఓడలు దూరాన లంగరు వేయగా, సరుకును చిన్న నావలలో ఒడ్డుకు చేర్చేవారు. కనుక సముద్రంలోనికి పొడవైన కట్టడాల అవసరం అంతగా రాలేదు. ఈ లోటును నదులు తీర్చినాయి. రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై 1897లో మొదలై 1900లో ప్రారంభమైన హేవలాక్ వంతెన ఇందుకు చక్కని ఉదాహరణ. రాతి దిమ్మెలపై 56 ఇనుప కమ్మీల అంగాలతో రెండున్నర కిలోమీటర్లకు పైగా సాగే ఈ వంతెనపై 1997లో రైళ్ళు ఆపివేసినారు. వేసవిలో దీని క్రింద నది చాలా నెమ్మదిగా కదులుతుంది. అప్పుడు ఎంత పొడవైన ఎక్స్‌పోజరు ఇచ్చినా, ఇవ్వకపోయినా నీరు దాదాపు ఒకేలా ఉంటుంది. వరదల కాలంలో ఎర్రని నీరు దిమ్మెలను ఢీకొని విడిపోయే చోట మాత్రం పది, పదిహేను సెకండ్ల ఎక్స్‌పోజరు ప్రవాహపు పాయలను స్పష్టంగా చూపుతుంది. అయితే పక్క వంతెనపై రైలు వెళ్ళేటప్పుడు, అక్కడ నిలిపిన కెమేరా అదురుతుంది. బకింగ్‌హాం కాలువ వెంట వాడుక తప్పిన పాత లాకులు కూడా ఈ దృష్టితో చూడదగినవే. వాటిని చిత్రించినవారు తక్కువ.

విమర్శలు

ఈ శైలి వ్యాప్తి పెరిగిన కొద్దీ దానిపై విమర్శలూ పెరిగినాయి. చిత్రాలన్నీ ఒకే అచ్చులో పోసినట్లున్నాయన్నది మొదటిది. నాలుగు గుంజలు, తెల్లని నీరు, నలుపు-తెలుపు, చతురస్రం - తీసిన చోటు ఏదో చెప్పడం కష్టం. బంగాళాఖాతమైనా, ఇంగ్లీషు ఛానలైనా రెండు నిమిషాల సగటులో ఒకేలా కనిపిస్తాయి.

రెండవ విమర్శ ఇంకా బరువైనది. ఈ పద్ధతి కట్టడాన్ని నిలిపి మనుషులను తుడిచివేస్తుంది. కేరళ వంతెనల వద్ద తెల్లవారకముందే జాలర్లు వలలు సర్దుకుంటారు, పడవలను నీటిలోకి తోస్తారు, చేపలు బేరం చేస్తారు. దీర్ఘ ఎక్స్‌పోజరు చిత్రంలో అదే చోటు నిర్జనమైన శిథిలంగా తేలుతుంది. ఆ చిత్రమే పత్రికలలోను, పర్యాటక ప్రచారాలలోను వస్తే, ఆ చోటు ఎవరికీ పనికిరానిదన్న భావన కలుగుతుంది. కూల్చివేయాలా, మరమ్మత్తు చేయాలా అన్న చర్చ జరిగేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. ఫోటో అబద్ధం చెప్పలేదు, ప్రతి కిరణమూ నిజంగా వచ్చి పడినదే. అయినా ఏది మిగలాలో వ్యవధి నిర్ణయించింది. ఈ కారణం చేత కొందరు ఒకే చోటు నుండి, ఒకే చట్రంతో, దీర్ఘ ఎక్స్‌పోజరు చిత్రాన్ని, సెకండులో వందవ వంతు చిత్రాన్ని రెండూ తీసి కలిపి ప్రదర్శిస్తారు. కట్టడపు స్థితిని నమోదు చేయడానికి కూడా ఈ జంట ఎక్కువ ఉపయోగకరం. మొదటిది స్తంభాల వరుసను నీటి అలజడి అడ్డు లేకుండా చూపుతుంది. రెండవది ఆనాటి సముద్రం ఎంత ఉధృతంగా ఉన్నదో, అక్కడ ఎవరెవరు ఉన్నారో చూపుతుంది.

జాగ్రత్తలు

పాడుబడిన కట్టడం మీదికి ఎక్కడం ప్రమాదకరం. పైన చెప్పినట్లు ఓడపురుగు తొలిచిన కొయ్య, మెత్తబడిన పోత ఇనుము బయటికి గట్టిగానే కనిపిస్తాయి. మంచి చిత్రాలలో చాలావరకు ఒడ్డు నుండి తీసినవే. గుల్లలు పట్టిన రాళ్ళు చర్మాన్ని లోతుగా కోస్తాయి. ఎక్స్‌పోజరు జరుగుతున్న నాలుగైదు నిమిషాలు గడియారం వైపో, కెమేరా వైపో చూస్తూ సముద్రానికి వీపు పెట్టి నిలబడటం తీర ప్రాంత ఛాయాచిత్రకారులు సాధారణంగా చేసే పొరపాటు. ఉప్పు తుంపర ఫిల్టరు మీద పడితే, ఆ వ్యవధి మొత్తం అది అక్కడే ఉంటుంది కనుక చిత్రంలో మచ్చగా మిగులుతుంది. ఎక్స్‌పోజరుకు ముందు ప్రతిసారీ గాజును తుడవాలి. ఇంటికి వచ్చిన తరువాత ట్రైపాడ్ కాళ్ళను మంచినీటితో కడిగి ఆరబెట్టకపోతే, చిత్రంలోని స్తంభాలకు పట్టిన తుప్పే వాటి మరలకూ పడుతుంది.

భారతదేశంలో అనేక ఓడరేవులు, వాటి పరిసరాలు భద్రతా కారణాల వలన చిత్రీకరణ నిషేధించబడిన ప్రదేశాలు. రైలు వంతెనల వద్ద కూడా ట్రైపాడ్ నిలపడానికి ముందు సంబంధిత అధికారుల అనుమతి తీసుకోవలసి ఉంటుంది.